తడిపి వదిలేసిన జుట్టుముడి

పురుగుమందు ఒంటికి పట్టినవాళ్ళ దగ్గర పాడైన వెల్లుల్లి వాసన వస్తుంది. నేను నర్సింగు చదివేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆ మందులు మా వైపు ఇంకా రాలేదు. అరవైల చివర్లో రాజాం దగ్గర ఒక చిన్న సర్కారు ఆస్పత్రిలో నేను పనిచేస్తుండగా కొత్తరకం వరి విత్తనాలు వచ్చాయి, వాటి వెనకే డబ్బాల్లో మందులూ వచ్చాయి. విత్తనం ఎలా చల్లాలో ఊరూరా తిరిగి చెప్పారు. మందుని ఎలా మొయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాది విజయనగరం. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. ముక్కుమీద కోపం. నర్సింగు స్కూల్లో నేర్చుకున్న నెమ్మదైన తెలుగు మామూలుగా ఉన్నంతసేపే నా నోట్లో ఉండేది. కోపం వస్తే మా ఇంటి తెలుగు బయటికొచ్చేది. పన్నెండు మంచాల ఆస్పత్రికి ఒక్క డాక్టరుగారు, ఇద్దరు నర్సులం. మగవాళ్ళ వైపుకీ ఆడవాళ్ళ వైపుకీ మధ్య ఒక వెదురు తడిక. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. నేను అరిస్తే రెండు వైపులా ఊరుకునేవారు.

వినాయక చవితి వెళ్ళిన వారం అనుకుంటాను, మిట్టమధ్యాహ్నం బియ్యం బస్తాల లారీలో ఒక రైతుని తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఒళ్ళంతా చెమటతో కారిపోతోంది. నోట్లోంచి చొంగ, ముక్కులోంచి నీళ్ళు. తొడల కండరాలు వాటంతట అవే అదురుతున్నాయి. గుండెల్లో గురగుర చప్పుడు మంచం అవతలికి వినిపిస్తోంది. డాక్టరుగారు కనురెప్ప ఎత్తి టార్చి వేశారు. కంటిపాప ఆవగింజంత ఉంది.

"మందు తాగాడా, కొట్టాడా?" అని అడిగారు.

వెంట వచ్చిన అతని భార్య చెప్పింది. ఆవిడకి పాతికేళ్ళుంటాయి, సన్నగా, గట్టిగా ఉంది. "తాగనేదు బాబూ. పొద్దుట్నుంచీ సేలో మందు కొట్టినాడు. బాల్చీలో కలిపి నెత్తి మీద ఎట్టుకొని గట్టంట నాలుగు తడవలు మోసినాడు. తూలి పడిపోనాడు. సారా తాగీసినాడేటని నాను తిట్టినాను కూడాను."

మా వైపు ఏదైనా నెత్తి మీదే మోస్తారు. గడ్డిమోపైనా, నీళ్ళకుండైనా, చేపల గంపైనా. చేతులు ఊపుకుంటూ గట్టు మీద నడవాలంటే అదే వీలు. ఆ లెక్కనే అతను మందు కలిపిన బాల్చీనీ నెత్తికెత్తుకున్నాడు. ప్రతి అడుగుకీ కాస్త తొణుకుతుంది. తొణికింది తలలోకి ఇంకుతుంది.

డాక్టరుగారు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒక పని చెప్పారు. "సిస్టర్, ఒంటి మీద ఒక్క గుడ్డ ఉండకూడదు. తల నుంచి పాదాల దాకా సబ్బుతో మూడుసార్లు కడగాలి. చేతులకి గ్లవుజులు వేసుకోండి."

పంచె తీయించి బయట పారేయించాను. మెడ, చంకలు, గోళ్ళ సందులు, అరికాళ్ళు, అన్నీ తోమాను. ఇక మిగిలింది తల. మాసిన తువ్వాలు విప్పితే కింద నల్లటి ఒత్తు జుట్టు, నడినెత్తిన పెద్ద ముడి, ముడి చుట్టూ పసుపు తాడు. మోతకి ఆ ముడే కుదురయింది. నేను తాడు మీద చెయ్యి వేయగానే భార్య నా మణికట్టు పట్టుకుంది.

"ముడి ఇప్పకమ్మా. సింహాద్రప్పన్న మొక్కు. కొండ మీదే ఇప్పాల. తడిపితే తడుపుకో, ఇప్పకు."

మొక్కంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఏడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గితే మా అమ్మ నా తలనీలాలు అప్పన్నకి మొక్కింది. కొండకి వెళ్ళేలోగా ఒకరోజు జుట్టులో పల్లేరుకాయలు చిక్కుకుంటే మా పిన్ని కత్తెరతో రెండు వెంట్రుకలు కత్తిరించింది. అంతే, మా అమ్మ ఆమెతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. నా చెయ్యి తాడు మీదనుంచి దానంతట అదే వెనక్కి వచ్చింది. రెండు చెంబుల నీళ్ళు ముడి మీద పోసి, పైపైన తుడిచి వదిలేశాను.

"తల కడిగారా?" అని డాక్టరుగారు ఇంజెక్షను ఇస్తూనే అడిగారు.

"కడిగాం సార్" అన్నాను.

పురుగుమందు చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతుందని ఆ భార్యకి తెలియదు. నాకు తెలుసు. ఈ తేడా నేను అప్పుడూ ఎరుగుదును.

సాయంత్రానికి మనిషి నిలదొక్కుకున్నాడు. పది నిమిషాలకొక ఇంజెక్షను చొప్పున ఇస్తూ పోతే చొంగ ఆగింది, గుండెల్లో గురగుర తగ్గింది, నాలుక ఎండింది, కంటిపాప పెద్దదైంది. ఒళ్ళు మాత్రం కాలుతోంది. అట్రోపిన్ చెమటని ఆపేస్తుంది, అందుకే వేడి. "నెత్తి మీద తడిగుడ్డ వేస్తుండు" అని నేనే భార్యకి చెప్పాను. ఆవిడ బాల్చీ దగ్గర పెట్టుకుని కూర్చుంది.

వరండాలో టీ తాగుతున్న డాక్టరుగారిని నేను అడిగాను, కంటిపాప పెద్దదైంది కదా, ఇంకా ఇంజెక్షన్లు ఎందుకని. విశాఖపట్నంలో చదువుకుని వచ్చినాయన. చెప్పడమంటే ఆయనకి సరదా.

"రాజాం బస్సు చూశారుగా" అన్నారు. "మన నరం చివర్నుంచి ఒక రసాయనం బయటికొస్తుంది. ఎదుటి కణం మీద దానికోసం సీట్లుంటాయి, వాటినే రిసెప్టర్లంటారు. రసాయనం సీట్లో కూర్చోగానే కణానికి కబురందుతుంది. లాలాజలం ఊరించే కణమైతే ఊరిస్తుంది, కండరమైతే బిగుస్తుంది. పనైపోయాక ఆ రసాయనాన్ని దించేయడానికి కండక్టరు ఉంటాడు. ఆ కండక్టరు ఒక ఎంజైము, అంటే ఒక ప్రొటీను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే లేపి ముక్కలు చేసి పంపేస్తాడు."

"మరి పురుగుమందు?"

"అది కండక్టరు చేతులు కట్టేస్తుంది. ఆ ప్రొటీను పనిచేసే చోట ఒక భాస్వరం ముక్కని అతికిస్తుంది. ప్రొటీను అక్కడే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. ఎక్కినవాళ్ళు దిగరు, కొత్తవాళ్ళు ఎక్కుతూనే ఉంటారు. కబురు ఆగదు. చొంగ ఆగదు, చెమట ఆగదు, ఊపిరితిత్తుల్లో నీరు ఆగదు."

"మన ఇంజెక్షను చేతులు విప్పుతుందా?"

"విప్పదు. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, ఇది ఆ తువ్వాలు. తాను ఏ కబురూ చెప్పదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు. జనం పెరిగితే తువ్వాలు తోసేసి కూర్చుంటారు. అందుకే మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. కండరాల్లో ఉన్న సీట్లు వేరే రకం, వాటి మీద ఈ తువ్వాలు నిలవదు, అందుకే ఆ అదురు అంత తొందరగా తగ్గదు. ఆ భాస్వరం ముక్కని ఊడదీసే మందొకటి ఉంది, మన దగ్గర లేదు. ఉన్నా తొందరగా ఇవ్వాలి, ఆలస్యమైతే అతుకు గట్టిపడిపోతుంది. ఇక శరీరమే కొత్త ఎంజైము తయారుచేసుకోవాలి, రోజులు పడుతుంది. ఈలోగా కొత్తగా విషం లోపలికి పోకుండా ఉంటే చాలు, మనిషి గట్టెక్కుతాడు."

కొత్తగా విషం పోకుండా ఉంటే చాలు అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. ముడి గుర్తొచ్చింది కూడా. రెండు చెంబులు పోశాను కదా, అనుకున్నాను. టీ గ్లాసులు కడిగి పెట్టాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నర్సింగు పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఒక మాట అనేదాన్ని. ఒంట్లో కబురు మొదలవడం గొప్ప కాదు, ఆగడం గొప్ప. ప్రతి కబురుకీ దాన్ని ఆపే ఏర్పాటు పక్కనే ఉంటుంది, అది చెడితే ప్రాణం పోతుంది. "మరి మీ కోపానికి ఆ ఎంజైము లేదా మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పిల్లకి తెలియకుండానే సరైన చోట గుచ్చింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నేను డ్యూటీకి వచ్చేసరికి వార్డులో మళ్ళీ అదే గురగుర. కంటిపాప మళ్ళీ ఆవగింజ. దిండు తడిసి ముద్దయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. తగ్గినవాడికి మళ్ళీ ఎందుకు వచ్చిందో డాక్టరుగారికి అర్థం కావడం లేదు. ఇంజెక్షన్లు దూరందూరంగా ఇచ్చానేమో అని తనని తానే తిట్టుకున్నారు. ఉన్న ఇంజెక్షన్లు అయిపోవస్తుంటే రాజాం మందుల షాపుకి సైకిలు మీద మనిషిని తరిమారు. తర్వాత రోగి మీదకి వంగి ఊపిరి వింటూ ఒక్కసారి ఆగిపోయారు. ముక్కు అతని నెత్తికి దగ్గరగా పెట్టి వాసన చూశారు.

"తలలో ఉంది మందు" అన్నారు. "అంతా తలలోనే ఉంది."

భార్య రాత్రంతా ఆ నెత్తి మీద తడిగుడ్డలు వేసింది, నేను చెప్పినట్టే. ఎండిపోవాల్సిన మందుని రాత్రంతా తడిపి ఉంచాం మేమిద్దరం.

"ఈ ముడి విప్పలేదా?" అన్నారు డాక్టరుగారు.

"ఆవిడ విప్పనివ్వలేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన నా వైపు చూడలేదు, నాడి చూస్తున్నారు. "జుట్టు మొత్తం తీసేయండి. ఇప్పుడే" అన్నారు.

నేను కత్తెర తెచ్చేసరికి ఆవిడ మంచం తలవైపు అడ్డంగా నిలబడి ఉంది. "ఒద్దమ్మా. ఇది నా గుంటడి మొక్కు. ఇద్దరు బిడ్డలు పుట్టి పోనారు. ఆడు మూడోవోడు. ఏడాది నిండేదాకా ఆడి బాబు నెత్తి మీద కత్తి ఎయ్యనియ్యడని అప్పన్నకి సెప్పుకున్నాను. ఇంకా రెండు నెల్లున్నాది. ఇప్పుడు కోసీస్తే నా గుంటడు..." అని అక్కడితో ఆపేసింది.

నాకు ఆవిడ మీద జాలి కలగాల్సిన చోటు అది. నాకు మాత్రం నాకేమవుతుందోనని భయం వేసింది. మనిషి చస్తే ఎవరు తల కడిగారని అడుగుతారు. ఆ భయమే కోపమై నోట్లోకి వచ్చింది.

"ఏటే నీ మొక్కు! నీ జుట్టు పిచ్చికి మొగుణ్ణి సంపుకుంటావేటే? నిన్ననే ఇప్పనిచ్చుంటే ఈపాటికి లేచి గంజి తాగీవోడు. ఆడి ప్రాణం తీస్తన్నది మందు కాదు, నువ్వు!"

తడిక అవతల కూడా మాటలు ఆగిపోయాయి. గుమ్మంలో ఉన్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. డాక్టరుగారు "సిస్టర్" అన్నారు, మెల్లగా. నేను ఆగలేదు, ఇంకో రెండు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను.

ఆవిడ ఏడవలేదు. మొగుడి మొహం చూసింది, అతని నోటి పక్కనుంచి కారుతున్న చొంగ చూసింది. నా ముందు చెయ్యి చాపింది.

"కత్తిరి ఇటియ్యి. నానే కోస్తాను. తప్పు నా మీదే పడాల. గుంటడి మీదా పడకూడదు, ఈడి మీదా పడకూడదు, నీ మీదా పడకూడదు."

నేను ఆవిడ చేతులకి గ్లవుజులు తొడిగాను. నేను చేసిన మంచిపని ఆ పూటకి అదొక్కటే. ఆవిడ ముందు పసుపు తాడు తెంపింది. ముడి విప్పగానే గదంతా వెల్లుల్లి వాసన కమ్మేసింది. మగవాడికి మంగలి చేసే పని ఆడది చెయ్యడం మా వైపు ఎవరూ ఎరగరు. పొడుగు వెంట్రుకలు గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా కోసింది. కుదుళ్ళ దగ్గర మిగిలింది నేను బ్లేడుతో గొరిగాను. నున్నటి తలని ఇద్దరం కలిసి సబ్బుతో మూడుసార్లు కడిగాం. నిన్న నేను ఒక్కదాన్నే పది నిమిషాల్లో చెయ్యగలిగిన పని.

ఆ జుట్టుని బట్టలో కట్టి కొండకి తీసుకెళ్తానని అడిగింది. కుదరదన్నాను. వార్డుబాయి గొయ్యి తవ్వి సున్నం వేసి పూడ్చేశాడు. ఆవిడ దూరంగా నిలబడి చూసింది.

సైకిలు మనిషి ఇంజెక్షన్లతో తిరిగొచ్చాడు. మూడు గంటలు గడిచేసరికి గుండెలు తేలికపడ్డాయి. ఆ తర్వాత రెండు రోజులు ఇంజెక్షన్ల మత్తులో అతను గాలిలో ఏవో పీకుతూ, లేని ఎడ్లని అదిలిస్తూ గడిపాడు. దెయ్యం పట్టిందని పక్క మంచాలవాళ్ళు జరిగి కూర్చున్నారు. అది ఇంజెక్షన్ల పని, తగ్గుతుంది అని డాక్టరుగారు వాళ్ళకి సర్దిచెప్పారు. మూడో రోజున ఒంటిమీదకి స్పృహ వచ్చి, తల తడుముకుని, భార్య వైపు చూశాడు. ఆవిడ గంజి గ్లాసు నోటికి అందించింది. ఆరో రోజుకి ఇంజెక్షన్లు ఆపేశాం.

అత్తగారు పిల్లాణ్ణి ఎత్తుకుని ఒకరోజు వచ్చింది. గుంటడు బొద్దుగా, కులాసాగా ఉన్నాడు. తల్లి మాత్రం వాడు ఉన్నంతసేపూ నిమిషానికోసారి నుదురు తాకి చూస్తూనే ఉంది. వాడు తుమ్మితే ఆవిడ మొహంలో రక్తం లేదు. ముసలావిడ పిల్లాణ్ణి తీసుకుని కోడలితో మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

వార్డులో ఆవిడకి పేరు పడిపోయింది. మొగుణ్ణి సంపుకోబోయిన మనిషి. పంపు దగ్గర ఆడవాళ్ళు ఆవిడకి చోటిచ్చి దూరంగా జరిగేవారు. ఆ చోటు మర్యాదకి ఇచ్చింది కాదు. ఆ పేరు పెట్టింది వాళ్ళు కాదు, నేను. నా నోటి నుంచి ఒక్కసారి బయటికొచ్చిన మాట మంచం నుంచి మంచానికి తనంతట తానే తిరుగుతోంది. నేను మాత్రం రోజూ దాని పక్కనుంచి నడిచి వెళ్తున్నాను.

ఇంటికి పంపించే రోజు పొద్దున్న ఆవిడ పంపు దగ్గర గిన్నెలు తోముతోంది. పక్కన ఎవరూ లేరని చూసుకుని వెళ్ళాను. నన్ను చూసి లేచింది. చేతులు తుడుచుకుని నా కాళ్ళ మీదకి వంగబోయింది. భుజాలు పట్టి ఆపాను.

"నా మొక్కే ఆణ్ణి సంపబోనాది కదమ్మా" అంది. "నువ్వు తిట్టకపోతే నాను కొయ్యనిద్దునేటి."

"నీ మొక్కు కాదు" అన్నాను. "ముడి విప్పి కడక్కపోతే ప్రమాదమని మొదటిరోజే నాకు తెలుసు. నీకు తెలీదు. నేను చెప్పాలి, చెప్పలేదు. తల కడిగామని డాక్టరుగారితో అబద్ధం ఆడాను. నెత్తి మీద తడిగుడ్డ వెయ్యమన్నదీ నేనే. నీ తప్పు ఇందులో ఏమీ లేదు. నా తప్పు దాచుకోడానికే నిన్ను తిట్టాను."

పంపులోంచి నీళ్ళు గిన్నెలోకి పడి పొర్లిపోతున్నాయి. ఆవిడ వంగి పంపు కట్టేసింది. కోప్పడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"అలగైతే" అంది, "నన్ను తిట్టింది అందరిలోన. ఇది ఇక్కడ సాటున సెప్తన్నావేటి?"

ఆవిడ గిన్నెలు ఎత్తుకుని లోపలికి నడిచింది. నేను వెనకే నడిచాను. అటూ ఇటూ వినిపించేలా తడిక చివర్న నిలబడ్డాను. "ఒక మాట వినండి" అన్నాను. "ఈ అమ్మ తప్పేమీ లేదు. ఆ తల కడక్కుండా వదిలేసింది నేను. తెలిసి వదిలేశాను. వాళ్ళాయన రెండోసారి చావు దాకా వెళ్ళింది నా వల్ల."

మూల మంచం మీద చెవులు సరిగా వినపడని ముసలామె పక్కావిణ్ణి పొడిచి, "ఏటి? ఏటంతన్నాది నర్సమ్మ?" అంది.

భార్య గిన్నెలు మంచం కింద పెట్టి నా వైపు తిరిగింది.

"బిగ్గరగా సెప్పమ్మా" అంది. "ఆ ముసిలమ్మకి ఇనపడనేదు."

మళ్ళీ చెప్పాను. ఈసారి డాక్టరుగారి గది దాకా వినిపించింది.